మూట దించే చెయ్యి

దక్షిణ తమిళనాడులోనూ కేరళలోనూ పాత బాటల పక్కన అక్కడక్కడా ఇప్పటికీ మూడు రాళ్ళ కట్టడం ఒకటి కనిపిస్తుంది. రెండు నిలువు బండలు, వాటి మీద అడ్డంగా ఒక పలక. ఎత్తు ఇంచుమించు మనిషి భుజాల దాకా ఉంటుంది. అది గుడి కాదు, సమాధి కాదు, పొలిమేర రాయి కూడా కాదు. తమిళులు దాన్ని సుమైతాంగి అంటారు, మలయాళులు అత్తాణి అంటారు. తలమీద చుట్టకుదురు పెట్టుకుని ధాన్యమో ఉప్పో బెల్లమో మోసుకుంటూ సంతకు నడిచే మనిషి ఆ పలక ముందు ఆగి, కాస్త వంగి, మూటను తలమీంచి పలక మీదికి జరుపుకునేవాడు. అలుపు తీరాక మళ్ళీ మూట కింద తల పెట్టి లేచి తన దారిన పోయేవాడు. ఆ బరువును నేలమీద దించితే ఒంటరిగా మళ్ళీ తలకెత్తుకోలేకపోయేవాడు. దారిన పోయేవాడు ఎవరో ఒకడు వచ్చి చెయ్యి వేయాల్సి వచ్చేది. ఇలాంటి రాళ్ళలో చాలావాటిని కడుపులో బిడ్డతో చనిపోయిన ఆడవాళ్ళ జ్ఞాపకార్థం నిలబెట్టారని తమిళ దేశంలో గట్టి సంప్రదాయం ఉంది. మోస్తున్న బరువు దించుకోకుండానే ఆమె వెళ్ళిపోయింది కాబట్టి, ఆమె పేరున పదిమంది బరువూ దిగాలని ఇంటివాళ్ళు అనుకున్నారు. సొంత మనిషి పోయిన దుఃఖం ముక్కూ మొహం తెలియని బాటసారికి ఆసరాగా మారడం దక్షిణాది చరిత్రలో ఇంత స్పష్టంగా కనబడే చోటు మరొకటి నాకు తెలియదు.

ఈ రాళ్ళను ధర్మకార్యాల పద్దులో వేసి ఊరుకోవడం మనకు అలవాటు. చెరువు తవ్వించాడు, సత్రం కట్టించాడు, చలివేంద్రం పెట్టించాడు, సుమైతాంగి నిలబెట్టాడు అని వరసగా చెప్పుకుంటూ పోతాం. నా వాదన వేరు. సుమైతాంగి ఒక చేతికి బదులుగా నిలబడిన రాయి. మనుషులు తిరగని చోట, మిట్టమధ్యాహ్నం, సాయానికి ఎవరూ దొరకని పట్టున ఆ రాయి కావలసి వచ్చింది. అంటే మనుషులు తిరిగే చోట ఆ పనిని చేతులే చేసేవన్నమాట. ఆ చేతుల గురించి ఏ శాసనంలోనూ ఉండదు. ఊళ్ళో ఎవరి మోటబావి గిలక విరిగినా, ఎవరి పెళ్ళికి పందిరి వేయాలన్నా, దారినపోయే బండి ఇరుసు ఊడినా పిలవగానే వచ్చే బాబాయో మేనమామో పెద్దమ్మో ప్రతి ఇంటి కథలోనూ ఉంటారు, ఊరి చరిత్రలో మాత్రం ఉండరు. రాతి మీద ఉన్న ధర్మాన్ని వెనక్కి చదివితే ఆ పనిమంతులైన చుట్టాల జాడ దొరుకుతుందనీ, అలా చదవడానికి రాజపాళయం కన్నా మంచి ఊరు మనకు లేదనీ చెప్పడమే ఈ వ్యాసం పని.

రాజపాళయం విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల పాదాల దగ్గర ఉంది. 2011 జనగణన నాటికి పట్టణ జనాభా లక్షా 30 వేలు. ఊరికి పేరు తెచ్చింది ఇంట్లో తెలుగు మాట్లాడే రాజు కులంవాళ్ళు. విజయనగర రాజ్యం నుంచి తరలి, మదురై నాయకుల కాలంలో ఇక్కడ స్థిరపడినట్టు వాళ్ళ సంప్రదాయం చెబుతుంది. పాతపాళయం, పుదుపాళయం, సింగరాజ కోట, చక్రరాజ కోట లాంటి పేర్లతో వాళ్ళ పేటలు ఏర్పడ్డాయి. కోట అని పేరే గానీ అక్కడ బురుజులూ కందకాలూ ఉండవు. బంధువుల ఇళ్ళు ఒకదాన్ని ఒకటి ఆనుకుని ఉండే వీధులు, పదిమందీ కూడడానికి ఒక చావిడి, ఇదే ఆ కోట. పరాయి భాష మాట్లాడే సీమలో కొత్తగా కాలు పెట్టినవాళ్ళు ఇళ్ళు ఇలా కట్టుకోవడం వింతేమీ కాదు. కొత్త చోట కూలికి మనిషి దొరుకుతాడు గానీ అర్ధరాత్రి పురుడొస్తే పక్కన కూర్చునే మనిషి కూలికి దొరకదు. ఇల్లు కప్పాలన్నా, బావి పూడిక తీయాలన్నా, శవాన్ని మోయాలన్నా చుట్టం చెయ్యే దిక్కు. చావిడి ఉన్నది అందుకే. ఎవరి వీలు ఎంతో, ఎవరి చేతిలో ఏ పని ఉందో నలుగురికీ తెలిసే చోటు అది. పైగా ఊరు బాట మీద ఉంది. మదురై నుంచి సెంగోట కనుమ దాటి కొల్లం వెళ్ళే దారి రాజపాళయం మీదుగానే పోతుంది. అందుచేత ఈ ఊళ్ళో చుట్టాల పక్కనే ఎప్పుడూ ఒక బాటసారి ఉంటూ వచ్చాడు. ఇంటివాళ్ళ కోసం నేర్చిన పని వాకిట్లోకి వచ్చిన పరాయివాడికి కూడా చేయాలా వద్దా అన్న ప్రశ్న ఈ వీధుల్లో ప్రతి తరానికీ ఎదురై ఉండాలి.

ఇలాంటి సాయానికి లిఖిత సాక్ష్యం ఎందుకు దొరకదో కూడా ఈ ఊరే చెబుతుంది. ఇక్కడి తెలుగు ఇంటి భాష. బడి, పత్రం, పద్దు, శిలాఫలకం అన్నీ తమిళంలో సాగాయి. డబ్బుతో ముడిపడినది రాతలోకి వెళ్ళింది, చేతితో చేసినది మాటలోనే ఉండిపోయింది. మదురై సీమలో మొయి అనే ఆచారం ఉంది. పెళ్ళికీ చెవులు కుట్టే వేడుకకూ వచ్చినవాళ్ళు ఇచ్చిన సొమ్మును నోటు పుస్తకంలో పేరు పేరునా రాసి పెట్టుకుంటారు, రేపు వాళ్ళింట్లో శుభకార్యం జరిగినప్పుడు ఆ పుస్తకం తీసి చూసి చెల్లిస్తారు. మన చదివింపులకు ఇది చుట్టమే, కాకపోతే లెక్క మరింత కచ్చితం. అదే పెళ్ళిలో తెల్లవార్లూ గాడిపొయ్యి దగ్గర నిలబడి అన్నం వార్చిన మనిషి పేరు ఆ పుస్తకంలో ఉండదు. పొలం పనుల్లో ఒకరికొకరు బదులు వెళ్ళే పద్ధతికి రాత లేకపోయినా గుర్తు ఉంది. నువ్వు నాకు రెండు రోజులు నాట్లు వేస్తే నేను నీకు రెండు రోజులు వేస్తాను. పరాయివాడికి చేసిన సాయానికి మాత్రం రాతా లేదు, గుర్తూ లేదు, ఎందుకంటే వాడు మళ్ళీ ఈ దారిన రాకపోవచ్చు. తిరిగి రాదని తెలిసీ చేసిన పని కాబట్టి దాన్ని ఎవరూ రాసిపెట్టుకోలేదు. సాక్ష్యం లేదు గనక అసలు ఆ పనే లేదనుకుంటే, అది చరిత్ర రాసే పద్ధతి వల్ల వచ్చిన పొరపాటు.

అయితే ఒక తెలుగు సాక్ష్యం ఉంది, అదీ పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోనే. శ్రీవిల్లిపుత్తూరు రాజపాళయానికి పొరుగూరు. 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలిన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో ఆ ఊరి ఆళ్వారు విష్ణుచిత్తుడి ఇంటిని వర్ణించాడు. ముసురు పట్టిన రోజుల్లో, పొద్దు దాటాక వచ్చిన అతిథులకు ఆ ఇంట్లో వేడి వేడి అన్నం దొరుకుతుంది. రాయలు ఇక్కడ దయ, కరుణ అంటూ బరువైన మాటలతో సరిపెట్టలేదు. వంటింట్లోకి వెళ్ళాడు. వానకు కట్టెలు తడిసిపోతే, పొగ కళ్ళల్లోకి పోకుండా ఇల్లాలు కొబ్బరి పీచు రాజేసి వండుతుందని చెప్పాడు. పొట్టు తీసిన పప్పు, నాలుగైదు కూరలు, వరుగులు, వడియాలు, పెరుగు అంటూ విస్తరి దాకా వచ్చాడు. ఇది కవిత్వం, ఆళ్వారు కాలానికీ రాయలకూ నడుమ వందల ఏళ్ళున్నాయి, దీన్ని సాక్ష్యమనడం ఎలా అని అడగవచ్చు. విష్ణుచిత్తుడి కాలానికి ఇది సాక్ష్యం కాదు, ఒప్పుకుంటాను. పదహారో శతాబ్దపు తెలుగువాడికి మంచి ఆతిథ్యమంటే ఏమిటో చెప్పడానికి మాత్రం ఇంతకు మించిన సాక్ష్యం లేదు. తడి కట్టెలకు బదులు ఏది రాజేయాలో, ఎండలో వరుగులు ఎప్పుడు పెట్టుకుంటే వానల్లో పనికొస్తాయో తెలిసి ఉండటమే ఆ ఆతిథ్యం. మంచి మనసు అందరికీ ఉండొచ్చు, అర్ధరాత్రి వానలో పదిమందికి వండిపెట్టే నేర్పు కొందరికే ఉంటుంది. రాయలు మెచ్చుకున్నది ఆ నేర్పునే. ఆ నేర్పు ఇల్లాలిది, పేరు మాత్రం ఇంటాయనది అన్న సంగతిని కూడా అక్కడే చూడాలి. పొగ ఎవరి కళ్ళల్లోకి పోతుందో రాయలకు తెలుసు. తరవాత ధర్మదాతల జాబితాలు రాసినవాళ్ళు అంతగా పట్టించుకోలేదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. దక్షిణాదిలో బాటసారికి జరిగిన మేలంతా రాజులూ జమీందార్లూ చేసినదే, పైనుంచి కిందికి దిగిన దానమే, ఇంటి చుట్టం చేతికి దాన్లో చోటెక్కడిది అని. దీనికి ఉదాహరణగా రాణి మంగమ్మాళ్‌ను చూపిస్తారు. మదురైను 1689 నుంచి సుమారు 1706 దాకా మనవడి పేరున ఏలిన ఈ తెలుగింటి రాణి వేయించిన బాటలనూ కట్టించిన సత్రాలనూ దక్షిణ తమిళనాడు ఇప్పటికీ ఆమె పేరుతోనే చెప్పుకుంటుంది. మదురై రైల్వే స్టేషన్ ఎదుట మంగమ్మాళ్ సత్రం ఉంది. ఆమె దొడ్డతనాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. కానీ సత్రానికి మాన్యం రాసిచ్చినంత మాత్రాన సత్రం నడవదు. నీళ్ళు తోడాలి, పొయ్యి రాజేయాలి, జ్వరంతో పడుకున్న యాత్రికుడికి గంజి కాచాలి. రాణి పూనుకుని పని తెలిసినవాళ్ళకు జీతమూ నేలా ఏర్పాటు చేసింది. ఆ పని అప్పటికే ఇళ్ళ అరుగుల మీద జరుగుతూ ఉండకపోతే, జీతానికి పిలిస్తే వచ్చేవాళ్ళు ఎక్కడినుంచి వచ్చారు? పైగా సుమైతాంగి రాళ్ళు ఈ అభ్యంతరానికి నేరుగా అడ్డు నిలుస్తాయి. వాటిలో ఎక్కువ భాగం రాజులు వేయించినవి కావు. మూడు బండలకు పెద్ద ఖర్చు కాదు. ఊళ్ళో ఓ మోస్తరు కుటుంబం చేయగలిగిన పని అది. దానం పైనుంచి దిగిన మాట నిజమే అయినా, దానికి చాలా ముందు నుంచీ, దాని పక్కనే, చుట్టాల చేతుల మీదుగా సాయం అడ్డంగా పాకుతూ వచ్చింది.

పనిమంతుడైన చుట్టం పరాయివాళ్ళకు ఆసరా కావడం ఎలా ఉంటుందో పేరుతో, ఏడుతో చెప్పాలంటే రాజపాళయం నుంచి ఉత్తరంగా పుత్తూరుకు రావాలి. తిరుపతి నుంచి చెన్నై వెళ్ళే దారిలో ఉన్న ఈ ఊరికి ఎముకల కట్టు వల్ల పేరు వచ్చింది. దగ్గర్లోని రాచపాళెంలో కేశవరాజు 1881లో మొదలుపెట్టిన ఈ వైద్యం ఆయన వంశంలోనే సాగుతూ వచ్చింది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ పట్టీలు, వెదురు బద్దలు, ఇవే సామగ్రి. వేటలో దెబ్బతిన్న కుందేలును ఏదో ఆకులో చుట్టి తెస్తే అది కోలుకుని పరుగెత్తిందనీ, అక్కడి నుంచే ఈ విద్య పుట్టిందనీ ఒక కథ చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా, ఒక ఇంట్లో తండ్రి నుంచి కొడుక్కు, పెదనాన్న నుంచి తమ్ముడి కొడుక్కు వచ్చిన చేతి నేర్పు నూట నలభై ఏళ్ళకు పైగా ఆంధ్ర, తమిళ, కన్నడ సీమల పరాయివాళ్ళకు అందుతోంది. విరిగిన చెయ్యి పట్టుకుని వచ్చినవాణ్ణి నువ్వెవరి తాలూకు అని అడిగి కట్టు కట్టడం అక్కడి పద్ధతి కాదు.

ఆర్థోపెడిక్ వైద్యులు ఇక్కడ చేసే హెచ్చరికను పక్కన పెట్టకూడదు. నాటు కట్టు మరీ బిగిస్తే రక్తం ఆడక అవయవం కుళ్ళుతుంది, తీసేయాల్సి వస్తుంది. ఎక్స్‌రే లేకుండా కట్టిన ఎముక వంకరగా అతుక్కోవచ్చు. నాటు కట్ల వల్ల చేతులూ కాళ్ళూ పోగొట్టుకున్నవాళ్ళ కేసులు వైద్య పత్రికల్లో దేశమంతటి నుంచీ నమోదయ్యాయి. మంచి మనసుతో చేసినంత మాత్రాన చెడు వైద్యం మంచిదైపోదు. కాబట్టి నేను కట్టును సమర్థించడం లేదు, ఎముక విరిగితే ఆస్పత్రికే వెళ్ళాలి. నేను చూపిస్తున్నది సంబంధాన్ని. ఆస్పత్రి లేని కాలంలో, ఉన్నా అందుబాటులో లేని కాలంలో, ఒక కుటుంబపు నేర్పు ఊరందరి ఆస్తిగా ఎలా మారిందో పుత్తూరు చూపిస్తుంది. అదే నేర్పును లెక్కలోకి తీసుకుని, ఏది ఆస్పత్రికి పంపాలో నేర్పి కలుపుకుపోయే ప్రయత్నం మన వైద్య వ్యవస్థ పెద్దగా చేయలేదని మాత్రం బాధగా చెప్పాలి. కట్టు మాటకు వస్తే, రాజపాళయం పక్కనే ఉన్న ఛత్రపట్టిలో ఇప్పుడు మగ్గాల మీద ఆస్పత్రులకు కావలసిన బ్యాండేజీ గుడ్డ నేస్తారు, దేశంలో ఆ సరుకుకు అది పెద్ద కేంద్రం. నేత ఇంటిపనే, కట్టు మాత్రం ఊరూ పేరూ తెలియని రోగికి.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం కులం. పరాయివాడికి సాయం అని ఇంతసేపూ మాట్లాడుతున్నది ఏ పరాయివాడి గురించి? చావిడి ఒక కులానిది. కోటలోని బావి కోటవాళ్ళది. పందొమ్మిదో శతాబ్దంలో దక్షిణాది చలివేంద్రాల్లో అందరికీ నీళ్ళు పోసేవాళ్ళు నిజమే, అంటరానివాళ్ళని ముద్రపడినవాళ్ళకు మాత్రం వెదురు గొట్టం గుండా, దూరం నుంచి పోసేవాళ్ళు. ఇరవయ్యో శతాబ్దం చివర్లో కూడా తమిళనాడు దక్షిణ జిల్లాల టీ కొట్లలో రెండు రకాల గ్లాసులు ఉండేవి. ఆ గొట్టం కింద దోసిలి పట్టినవాడికి అది దయగా అనిపించిందో అవమానంగా అనిపించిందో మనం వేరే చెప్పక్కర్లేదు. ఈ అభ్యంతరానికి పూర్తి సమాధానం నా దగ్గర లేదు, ఉండకూడదు కూడా. చుట్టరికం మీద నిలబడిన సాయానికి చుట్టరికపు హద్దులే ఉంటాయి, మన దేశంలో చుట్టరికపు హద్దే కులం. అయినా ఒక తేడాను గమనించాలి. నీళ్ళు పోయడానికి మనిషి ఉండాలి, ఆ మనిషి ఎదుటివాడి కులం అడుగుతాడు. సుమైతాంగి అడగదు. ఆ పలక మీద ఎవరి మూటైనా దిగుతుంది. నిజానికి ఎక్కువ బరువులు మోసినవాళ్ళూ, ఆ రాయి ఎక్కువ అక్కరకు వచ్చినవాళ్ళూ కింది కులాల కూలీలే. చుట్టాల దుఃఖం నుంచి పుట్టిన వస్తువు చుట్టరికాన్ని దాటి పనిచేసింది. మనుషులు దాటలేని గీతను వాళ్ళు నిలబెట్టిన రాయి దాటింది. దీనివల్ల మనుషుల తప్పు తగ్గదు. సాయం అనే ఆచారానికి తనను పుట్టించినవాళ్ళ ఉద్దేశం కన్నా దూరం నడిచే శక్తి ఉంటుందని మాత్రం రుజువవుతుంది.

ఆ శక్తి రాజపాళయంలో ఇరవయ్యో శతాబ్దంలో సంస్థల రూపం తీసుకుంది. 1927లో విరుదునగర్ నుంచి తెన్‌కాశికి రైలు వచ్చింది. 1936లో పి.ఎ.సి. రామస్వామిరాజా రాజపాళయం మిల్స్ స్థాపించారు, తరవాతి కాలంలో రామ్‌కో పేరుతో పెరిగిన పరిశ్రమలకు అదే మొదలు. బడులు, కళాశాలలు, పాలిటెక్నిక్ ఒకదాని తరవాత ఒకటి రాజుల కుటుంబాల పేర్లతో లేచాయి. ఇదంతా డబ్బున్నవాళ్ళు పేరు కోసం చేసిందని అనేవాళ్ళున్నారు. పేరు కోసం కొంత చేసే ఉంటారు. కానీ పి.ఎస్. కుమారస్వామిరాజా జీవితాన్ని ఆ ఒక్క మాటతో కొట్టిపారేయలేం. 1898లో పుట్టిన ఆయనకు ఎనిమిదో రోజున తల్లి పోయింది, మూడేళ్ళకు తండ్రి పోయాడు. అవ్వా అక్కా పెంచారు. 1949 నుంచి 1952 దాకా, ఆంధ్ర జిల్లాలు కూడా కలిసి ఉన్న మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా పనిచేశారు. 1952 ఎన్నికల్లో ఓడిపోయారు. 1954 నుంచి రెండేళ్ళు ఒరిస్సాకు గవర్నరుగా ఉన్నారు, 1957లో కన్నుమూశారు. సొంత ఇంటిని ఊరి కోసం ఇచ్చేస్తే అక్కడ గాంధీ కళామండపం వెలిసింది. ఆడవాళ్ళ చేతుల మీద పెరిగిన అనాథ పిల్లవాడు పెద్దయ్యాక ఇల్లు ఇచ్చేశాడు కాబట్టి మొదటిది రెండోదానికి కారణం అని తేల్చేయడం తొందరపాటు. ఒక మనిషి మనసును అంత తేలిగ్గా లెక్కగట్టలేం. ఆయన ఇచ్చినది ఏమిటో మాత్రం చూడాలి. మిగులు డబ్బు ఇవ్వడం వేరు, చుట్టాలు వచ్చి పోయే ఇంటిని పరాయివాళ్ళు వచ్చి పోయే చోటుగా మార్చడం వేరు. అరుగు వేసి బాటసారిని కూర్చోబెట్టిన ఊళ్ళో ఆ పని అర్థం కానిది కాదు. ఆయన అవ్వ గురించీ అక్క గురించీ ఆయన జీవితం రాసేవాళ్ళు ఒక్క వాక్యంతో దాటేస్తారు, ముఖ్యమంత్రి పదవికి పుటలు కేటాయిస్తారు. ఈ వ్యాసం ఫిర్యాదు అదే.

బస్సులూ లారీలూ వచ్చాక మూట తలమీంచి దిగిపోయింది, సుమైతాంగికి పని లేకుండా పోయింది. చాలావాటిని రోడ్ల విస్తరణలో పెకలించారు, కొన్ని మట్టిలో కూరుకుపోయాయి, కొన్నిటికి పసుపూ కుంకుమా పూసి దేవతగా కొలుస్తున్నారు. తమిళనాడులో స్థానిక చరిత్రపై ఆసక్తి ఉన్న ఉపాధ్యాయులూ విద్యార్థులూ వాటిని వెతికి నమోదు చేస్తున్నారు, అది మెచ్చుకోవలసిన పని. రాజపాళయం తెలుగు మీద పరిశోధనకు వెళ్ళే మన విశ్వవిద్యాలయాలవాళ్ళు సాధారణంగా చుట్టరికపు మాటలు, పెళ్ళి పాటలు, క్రియారూపాలు రాసుకుని వస్తారు. ఆ పట్టికతో పాటు ఇంకొన్ని ప్రశ్నలు అడగాలి. మీ చావిడిలో వంట ఎవరు చేసేవారు, పురుడు ఎవరు పోసేవారు, ఊళ్ళో బావి గిలక బాగుచేయడానికి ఎవరిని పిలిచేవారు, ఆయన డబ్బు తీసుకునేవాడా, ఎవరింటికి వెళ్ళేవాడు, ఎవరింటికి వెళ్ళేవాడు కాదు. ఈ చివరి ప్రశ్నను కోటల్లో అడిగి ఊరుకోకూడదు. కోటల అవతల, తమిళం మాత్రమే మాట్లాడే పేటల్లో, ఆ కుటుంబాలకు పొలం దున్నినవాళ్ళ ఇళ్ళల్లో కూడా అడగాలి, రెండు జవాబులనూ పక్కపక్కనే అచ్చువేయాలి.